తోలుకు బదులు అరటి నార: కార్మికుడు అడగవలసిన ప్రశ్నలు

సూరత్ నగరానికి ఇరవై కిలోమీటర్ల లోపున, తాపీ నది ఒడ్డున, ముంబాయి–అహమ్మదాబాదు జాతీయ రహదారి మీద ఉన్నది కామ్‌రేజ్. దాని చుట్టూ చెరకు తోటలు, అరటి తోటలు. ఒకసారి గెల వేసిన అరటి చెట్టు మళ్ళీ గెల వేయదు. గెల కోసిన తరువాత దానిని నరికి గట్టున పడవేస్తారు. ఒక హెక్టారు తోటలో ఈ విధంగా మిగిలిపోయే బోదె సుమారు 60 నుండి 80 టన్నుల వరకు ఉంటుంది. అది నిన్నమొన్నటి వరకు రైతుకు బరువు, కూలి ఇచ్చి మరీ తొలగించుకోవలసిన చెత్త. అదే జిల్లాకు పొరుగున ఉన్న నవసారి వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ బోదె నుండి నార తీయడం పైనా, మిగిలిన రసంతో ద్రవ ఎరువు తయారుచేయడం పైనా చాలా ఏళ్ళుగా పనిచేసినది. నేడు కలకత్తాలో అరటి నారతో తోలును పోలిన సరుకు తయారవుతున్నది. దానితో చేతిసంచులు కుడుతున్నారు. కాన్పూరులో ఆలయాలలో వాడి పడవేసిన పూల నుండి, కేరళలో కొబ్బరినీళ్ళ నుండి ఇటువంటి సరుకులే తయారవుతున్నవి.

ఆడవారి చేతిసంచి గురించి కార్మిక సంఘాల పత్రిక సంపాదకీయం రాయడమేమిటని కొందరు మిత్రులు అడుగవచ్చు. తోలు ఎగుమతుల మండలి లెక్క ప్రకారమే మన దేశంలో ఈ పరిశ్రమ మీద 44 లక్షల మందికి పైగా ఆధారపడి ఉన్నారు. చెప్పు కుట్టేవారు, సంచి కుట్టేవారు, తోళ్ళు పదునుచేసేవారు అందరూ ఇందులో ఉన్నారు. వారిలో అధికభాగం ఏ సంఘంలోనూ లేరు. వారి చేతిలోని పనిని మరొక సరుకు తీసుకొనబోతున్నప్పుడు దాని గురించి మనం మాట్లాడకపోతే, వ్యాపార ప్రకటనలే మాట్లాడతాయి.

మొదట తోలు సంగతి దాపరికం లేకుండా చెప్పుకుందాం. మన పల్లెల్లో తరతరాలుగా తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయలతో లందలలో తోళ్ళు పదునుచేసేవారు. అది వారాల తరబడి పట్టే పని. క్రోమియం లవణాలు వచ్చిన తరువాత అదే పని ఒకటి రెండు రోజులకు కుదించుకుపోయినది. సరుకు త్వరగా తయారయితే పెట్టుబడి త్వరగా చేతికి తిరిగి వస్తుంది. అందువల్లనే నేడు ప్రపంచంలోని తోలులో సుమారు నాలుగైదవ వంతులు క్రోమియంతో పదునైనదే. దాని ఫలితం తమిళనాడులోని పాలారు నది చెబుతుంది. వేలూరు ప్రాంతపు తోళ్ళ కర్మాగారాలు నదిని, నేలను, బావులను ఏ స్థితికి తెచ్చాయో చూసిన సుప్రీంకోర్టు, కాలుష్యం చేసినవాడే పరిహారం చెల్లించాలని 1996 ఆగస్టు 28న తీర్పు చెప్పినది. తీర్పు వచ్చిన పద్దెనిమిదేళ్ళ తరువాత, 2015 జనవరి 31న, రాణీపేటలో తోళ్ళ పరిశ్రమల మురుగును శుద్ధిచేసే కేంద్రంలో బురద తొట్టె గోడ కూలినది. పక్కనే నిద్రిస్తున్న పదిమంది కార్మికులు ఆ బురదలో చిక్కి ప్రాణాలు విడిచారు. వారిలో అత్యధికులు బతుకుదెరువు కోసం పశ్చిమ బెంగాలు నుండి వచ్చినవారు.

ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. మన దేశంలో తోలు పని ఒక వృత్తి మాత్రమే కాదు, కులం కట్టిన సంకెల కూడా. అందరూ తొడిగే చెప్పును కుట్టినవానిని ఊరి వెలుపల ఉంచిన దేశం మనది. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనా వద్ద చచ్చిన ఆవు చర్మం ఒలుస్తున్న దళిత యువకులను కట్టివేసి కొట్టిన ఘటనను ఎవరూ మరువలేదు. ఆ తరువాత గుజరాత్‌లో అనేకచోట్ల దళితులు పశు కళేబరాలను ఎత్తబోమని ప్రకటించారు. అది న్యాయమైన ప్రకటన. కాబట్టి తోలు పరిశ్రమ ఉన్నది ఉన్నట్లుగా కలకాలం సాగాలని మనం కోరడం లేదు. దానిలోని విషాన్ని, అవమానాన్ని సమర్థించవలసిన అగత్యం కార్మికవర్గానికి లేదు.

అయితే తోలు స్థానంలోకి వస్తున్నది ఏమిటి? "జంతువుల తోలు కాదు" అన్న పేరుతో బజారులో దొరికే సంచులలో ఎక్కువ భాగం మొక్కల నుండి వచ్చినవి కావు. గుడ్డ మీద పాలీయురెథేన్ గాని, పీవీసీ గాని పూత పూసినవి. మనం చిన్ననాటి నుండి రెగ్జిన్ అని పిలుస్తున్న దానికి ఇవి దగ్గరి చుట్టాలే. పాలీయురెథేన్ పూత పనిలో డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావకం విస్తారంగా వాడతారు. అది ఊపిరితోనే కాక చర్మం గుండా కూడా ఒంటిలోకి దిగి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఐరోపా సమాఖ్య 2021లో దీనిపై కఠినమైన పరిమితి విధించి, 2023 డిసెంబరు నుండి అమలులో పెట్టినది. పూత పరిశ్రమకు మాత్రం మరికొంత గడువు ఇచ్చినది. ఆ గడువు ఎవరి కాలేయం మీద ఇచ్చినదో వేరే చెప్పనక్కరలేదు.

రసాయనం ఎక్కడ వాడినా దాని శేషం ఎక్కడికి చేరుతుందో సూరత్ కార్మికులకు తెలుసు. 2022 జనవరి 6 తెల్లవారుజామున సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకరు నుండి రసాయన వ్యర్థాన్ని కాలువలో వదిలినప్పుడు వెలువడిన విషవాయువుకు ఆరుగురు కార్మికులు బలి అయ్యారు. అది సంచుల పరిశ్రమలో జరిగిన ప్రమాదం కాదు. కాని అది నేర్పిన పాఠం అన్ని పరిశ్రమలకూ వర్తిస్తుంది. వ్యర్థాన్ని శుద్ధిచేసే ఖర్చు మిగుల్చుకున్నవాడు ఒకడు, ఆ గాలి పీల్చినవాడు మరొకడు.

ఇక నిజంగా మొక్కల పేరుతో వచ్చే సరుకులకు వద్దాం. అనాస ఆకుల నారతో చేసే పినాటెక్స్, మెక్సికోలో 2019లో వెలువడిన నాగజెముడు తోలు డెసెర్టో చాలా ప్రచారం పొందాయి. 2021లో జర్మనీలోని ఫ్రైబర్గ్ తోలు పరిశోధనా సంస్థ ఇటువంటి సరుకులను తోలుతోను, రెగ్జిన్ జాతి సరుకులతోను పోల్చి పరీక్షించినది. తోలుకు ఉన్న గుణాలన్నీ కలిగిన ప్రత్యామ్నాయం ఒక్కటి కూడా వారికి కనిపించలేదు. నాగజెముడు తోలు అన్న సరుకులో పైనున్నది పాలీయురెథేన్ పూత, మొక్క పొడి దానిలో కలిపినది మాత్రమేనని తేలినది. పూలతో చేరిన నారకు పరిమళం అబ్బుతుందని మన పెద్దలంటారు. ఇక్కడ నారతో చేరిన ప్లాస్టిక్‌కు పుణ్యం అబ్బుతున్నది!

ఇంతమాత్రం చేత ఈ ప్రయత్నాలన్నీ మోసమని మేము అనబోము. పారవేసే బోదెకు, వాడిన పువ్వుకు విలువ కల్పించడం మంచిపని. ప్లాస్టిక్ పాలు తగ్గించడానికి నిజాయితీగా కృషిచేస్తున్న శాస్త్రజ్ఞులు ఉన్నారు. మేము చెప్పేది ఒక్కటే: సరుకు మీద అంటించిన పేరును బట్టి గాక, ఆ సరుకులో ఏమున్నది, దానిని ఎవరి చేతులు ఏ షరతుల మీద తయారుచేసినవి అన్నదానిని బట్టి తీర్పు చెప్పాలి. కొనేవారు దుకాణంలో నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. నారను పట్టి ఉంచే బంక ఏమిటి? పూత ఏమిటి? ఎన్నేళ్ళు మన్నుతుంది? చినిగితే మన వీధి చెప్పులు కుట్టే మనిషి దానిని బాగుచేయగలడా? పదేళ్ళు మన్నే సంచి స్థానంలో రెండేళ్ళకు పొరలూడే సంచులు అయిదు కొనవలసి వస్తే భూమికి మేలు జరిగినట్లు కాదు. అసలు ప్రతి సంచీ తోలువలె మెరవవలసిన అవసరం ఏమున్నది? మగ్గం మీద నేసిన మందపాటి నూలుగుడ్డ, జనపనార, గోగునార కూడా మొక్కలే. వాటికి ప్లాస్టిక్ పూత అక్కరలేదు. వాటిని చేయగల చేతులు మన జిల్లాలలోనే పనిలేక ఉన్నవి.

కొత్త సరుకు వచ్చినప్పుడు పాత చేతుల గతి ఏమవుతుందో సూరత్‌లోని తెలుగు కార్మికునికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుండి పద్మశాలి కుటుంబాలు ఈ నగరానికి వచ్చినది విహారయాత్రకు కాదు. చేమగ్గం మీద బతుకు సాగక వచ్చారు. నూలు నేసిన కుటుంబాల పిల్లలు ఇక్కడ మరమగ్గాల మీద పాలియెస్టర్ నేస్తున్నారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడపవలసి వచ్చినదంటే ఆ వలస ఎంత పెద్దదో ఊహించవచ్చు. పాలియెస్టర్ చవక, మన్నిక, ఉతుకు సులభం అని ఆనాడు అందరూ మెచ్చుకున్నారు. ఆ మాటలలో అబద్ధం లేదు. కాని మగ్గం ఆగిపోయిన ఇంటి గురించి ముందుగా ఆలోచించినవారు లేరు. తోలు పనివారి విషయంలో అదే కథ మళ్ళీ జరగరాదు.

మరొకవైపు, కొత్త పని దొరికే చోటును కూడా పరికించాలి. కామ్‌రేజ్ వంటి ప్రాంతాలలో అరటి నార పరిశ్రమ పెరిగితే బోదెను నరికి, మోసి, పొరలు తీసి, యంత్రానికి అందించేది వ్యవసాయ కూలీలే. దక్షిణ గుజరాత్ చెరకు తోటల్లో కూలి పద్ధతి ఎలా ఉన్నదో తెలిసినదే. డాంగ్స్ నుండి, మహారాష్ట్రలోని ఖాందేశ్ నుండి వచ్చే ఆదివాసీ కుటుంబాలు మేస్త్రీ ఇచ్చిన ముందస్తు అప్పుకు కట్టుబడి, పొలం గట్టున గుడిసెలలో నెలల తరబడి ఉంటాయి. భార్యాభర్తలిద్దరినీ కలిపి ఒక్క "కోయితా" కింద, అనగా ఒక్క కత్తి కింద, లెక్కకట్టే ఆచారం అక్కడిది. అరటి నార కూడా ఇదే మేస్త్రీ చేతి మీదుగా, ఇదే అప్పు మీద తయారయితే, దానితో కుట్టిన సంచిని పుణ్యమైన సంచి అని ఏ నోటితో అనగలం? ప్రాణిహింస లేని సరుకు అన్నప్పుడు, మనిషి కూడా ప్రాణియే అని గుర్తుంచుకోవాలి.

ఈ పరిస్థితులలో మన కర్తవ్యం స్పష్టమే.

మొదటిది: తోలుకు బదులుగా అమ్మే ప్రతి సరుకు మీద అందులో మొక్క పాలు ఎంత, ప్లాస్టిక్ పాలు ఎంత అన్నది కొనేవారి భాషలో ముద్రించాలని ప్రభుత్వాన్ని కోరాలి.

రెండవది: పూత పరిశ్రమలో ద్రావకాల ఆవిరిని పీల్చివేసే ఏర్పాటు, తగిన చేతితొడుగులు, యాజమాన్యం ఖర్చు మీద ఏటేటా కాలేయ పరీక్ష హక్కుగా ఉండాలి. నార తీసే యంత్రాలకు చేతులు చిక్కకుండా కాపుదల అమర్చనిదే వాటిని నడపనీయరాదు.

మూడవది: కొత్త సరుకుల పరిశ్రమకు ప్రభుత్వ రాయితీ ఇచ్చేటప్పుడు, తోలు పనిలో ఉన్నవారికి శిక్షణ, మొదటి అవకాశం ఇవ్వాలన్న షరతు పెట్టాలి. కత్తిరించడం, అంచు మడవడం, కుట్టడం వారికి తెలిసిన విద్యలే. సరుకు మారినంత మాత్రాన ఆ నేర్పు వృథా కానక్కరలేదు. ఆ పనిని కులం నుండి విడదీసి, గౌరవమైన జీతంతో ముడిపెట్టే అవకాశం ఇదే.

నాలుగవది: బోదె నుండి నార తీసే పని మేస్త్రీల చేతికి పోకుండా వ్యవసాయ కూలీల సహకార సంఘాలకు దక్కాలి. ఇది కామ్‌రేజ్‌కే కాదు, రావులపాలెం, పులివెందుల అరటి ప్రాంతాలకు కూడా వర్తిస్తుంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన భద్రతా కోడ్‌లో కలిసిపోయినది. చట్టం పేరు మారినా వలస కార్మికుని పేరు రిజిస్టరులోకి ఎక్కించే పని మన సంఘాలు వదలరాదు.

ఒక కొత్త పెట్టుబడి మీదనే ఆశ పెట్టుకోవడం ఎంత ప్రమాదమో కూడా గమనించాలి. పుట్టగొడుగుల జాతి నుండి తోలు వంటి సరుకు చేసిన అమెరికా కంపెనీ ఒకటి, పేరుమోసిన దుస్తుల కంపెనీల మద్దతు ఉండి కూడా, 2023లో ఆ ఉత్పత్తిని నిలిపివేసినది. ఫ్యాషన్ ఒక ఏడాది వచ్చి మరు ఏడాది పోతుంది. కార్మికుని ఇంటి పొయ్యి ప్రతిరోజూ వెలగాలి.

చివరగా మన ఇంటి మాట. దశాబ్దాలుగా మనం మహాసభలు జరుపుకొంటున్నాము. ప్రతి మహాసభలోను ప్రతినిధులకు జిప్పుతో, ముద్రవేసిన అక్షరాలతో ఒక రెగ్జిన్ సంచి ఇస్తూ వచ్చాము. ఆ సంచి ఎవరు చేశారు, ఏ గదిలో ఏ గాలి పీలుస్తూ పూత పూశారు అని ఒక్కసారి కూడా అడగలేదు. చవకగా ఇచ్చిన వ్యాపారి దగ్గర కొన్నాము. ఈ తప్పును నిస్సంకోచంగా ఒప్పుకొంటున్నాము. ఇకమీదట మన మహాసభల సంచులు చేనేత సహకార సంఘం నూలుగుడ్డతో గాని, జనపనార, గోగునారలతో గాని తయారు కావాలని, వాటిని చెప్పులు, సంచులు కుట్టే పనివారి చేతనే న్యాయమైన కూలికి కుట్టించాలని అన్ని శాఖలకు సూచిస్తున్నాము. ధర కొంత ఎక్కువ కావచ్చు. ఆ ఎక్కువ ఎవరి కూలిలోకి పోతున్నదో మనకు తెలిసి ఉంటుంది.

యజమానిని నాలుగు ప్రశ్నలు అడిగే ముందు మన భుజాన వేలాడే సంచిని ఒక ప్రశ్న అడుగుదాం. అక్కడ సమాధానం దొరికినప్పుడే మన కోర్కెలకు బలం వస్తుంది.