నల్లని పాటలో ప్రేమ

కర్నూలు జిల్లా కైరుప్పలలో ఉగాది మరునాడు ఊరు రెండు వర్గాలై పిడకలతో కొట్టుకుంటుంది. వీరభద్రస్వామికి, కాళికాదేవికి నడుమ వచ్చిన ప్రేమ తగవే ఈ సమరానికి మూలమని ఊరివాళ్లు చెబుతారు. తగవు తీరాక దేవుళ్లకు కల్యాణం. ప్రేమను నాలుగు గోడల మధ్య దాచకుండా వీధిలో పెట్టిన ఊరిది. అమెరికా నల్లజాతి కవిత్వంలోకి వెళ్లడానికి ఇక్కడి పాఠకులకు ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ఆ కవులూ ప్రేమను వీధిలోనే పాడారు. 1926లో లాంగ్‌స్టన్ హ్యూస్ తన తొలి సంపుటి ‘ద వేరీ బ్లూస్’లో హార్లెం పాటగాళ్ల బాణీని, పేదల పలుకును కవిత్వం చేశారు. చదువుకున్న నల్లవారిలోనే కొందరికి అది రుచించలేదు. నల్లవారి కళోద్యమంలో ముందు నిలిచిన సోనియా సాంచెజ్ 1973లో ‘లవ్ పోయెమ్స్’ అనే పేరుతోనే పుస్తకం తెచ్చారు. పోరాడే మనిషికి ప్రేమించే తీరిక ఎక్కడిదని అడిగేవారికి ఆ పుస్తకమే జవాబు.

తెలుగువారికి ఈ లోకం కొత్త కాదు. అలెక్స్ హేలీ నవల ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేస్తే ముద్రణ మీద ముద్రణ పడింది. దళితులు నల్లవారి వైపు చూడడం అంతకు చాలా ముందే మొదలైంది. 1946లో అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు లేఖ రాశారు. 1972లో బొంబాయి దళిత యువకులు అమెరికాలోని బ్లాక్ పాంథర్స్ స్ఫూర్తితో దళిత పాంథర్స్‌గా కదిలారు.

రంగు, కులం ఒకటి కావు. కులాన్ని ఒంటిని చూసి కాదు, ఊరూ వాడా అడిగి కనిపెడతారు. అయినా అవమానం పాటగా మారిన తీరు రెండుచోట్లా ఒకేలా ఉంటుంది. దళితులపై కారంచేడు (1985), చుండూరు (1991) దాడుల తర్వాత ‘చిక్కనవుతున్న పాట’ అనే దళిత కవితా సంకలనం వచ్చింది. గోగు శ్యామల ‘నల్లపొద్దు’లో 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల రచనలను ఒకచోట చేర్చారు.

మన విమర్శ మాత్రం ఇలాంటి పుస్తకాల్లో కోపాన్నే ఎక్కువగా వెతికింది. ప్రేమను దాటేసింది. ‘గబ్బిలం’ రాసిన జాషువానే ‘ముంతాజ మహలు’ కూడా రాశారు. ఒకటి పోరాటం, మరొకటి విలాసం అని విడగొడితే మనకు సగం జాషువానే దక్కుతారు.

ఇక మన చుట్టూ చూస్తే, ఆదోని, ఎమ్మిగనూరు వీధుల్లో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి నడుస్తాయి. వానలు మొహం చాటేస్తే పత్తి తీయడానికి, మిరప కోతకు కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికని గుంటూరు వైపు వెళ్లిపోతాయి. కొన్ని ఇళ్ల దగ్గర ముసలివాళ్లు, బడికి పోయే పిల్లలు మాత్రం మిగులుతారు. ఆ ఎడబాటులో రాయాల్సిన ప్రేమ కవిత్వం ఎంతో ఉంది. దాన్ని పుస్తకాల భాషలోకి దిద్దకుండా, అమ్మ మాట్లాడే మాటల్లోనే, డప్పు దరువు వినబడేట్టు ఇక్కడి యువకవులు రాయాలి. అలాంటి కవితల కోసం ఈ పత్రిక ఎదురుచూస్తోంది. రాయండి, పంపండి.