చికిత్స బడికే రావాలి

పెద్ద విపత్తు తర్వాత పిల్లల మనసుకు చేసే వైద్యం బడిలోనే అందాలనీ, సహాయ శిబిరాలు ఎత్తేశాక కూడా అది ఏళ్లపాటు సాగాలనీ మేము కోరుతున్నాం. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచిన పదిహేను నెలల తర్వాత, నాలుగు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదువుతూ ఇంకా ఆ భయంతో బాధపడుతున్న 118 మంది పిల్లల్ని అక్కడి పరిశోధకులు చీటీలు తీసినట్టుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు బడిలోనే బృంద చికిత్స ఇచ్చారు. రెండో జట్టును క్లినిక్‌కు రమ్మన్నారు. రెండు వైద్యాలూ మంచివే, తీసుకున్న పిల్లలకు రెండూ మేలు చేశాయి. కానీ చికిత్స చివరిదాకా పూర్తిచేసినవాళ్లు బడిలో 91 శాతం, క్లినిక్‌లో 15 శాతం. ఇల్లూ పనీ రెండూ పోయిన తల్లిదండ్రులు పిల్లను వారం వారం ఊరవతలి ఆసుపత్రికి తీసుకెళ్లలేకపోతే తప్పు వాళ్లది కాదు. అయితే బడిలో చికిత్స పొందిన పిల్లలంతా పూర్తిగా తేరుకోలేదన్నదీ నిజమే. అలాంటివారిని నిపుణుడి దగ్గరికి పంపే ఏర్పాటు కూడా బడికి ఉండాలి.

పిల్లలు వాళ్లే మరిచిపోతారు, గాయాన్ని కెలకొద్దు అంటారు చాలామంది. ఇందులో సగం నిజముంది. తిండి, నీడ, అయినవాళ్లు, తెరిచిన బడి దొరికితే ఎక్కువమంది పిల్లలు మందూ మాకూ లేకుండానే కోలుకుంటారు. అందుకే మొదటి వారాల్లో మేము చికిత్స అడగం. జరిగినదంతా ఒక్క పూటలో చెప్పించి పంపేసే పద్ధతీ, పిల్లలకు నిద్రమాత్రలివ్వడమూ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. ఫోటోల కోసం జరిగే ఒకరోజు కౌన్సెలింగ్ శిబిరాలకు మేము వెళ్లం. మిగతా సగానికి జవాబు ఆర్మేనియాలో ఉంది. 1988 డిసెంబర్ 7న పిల్లలు బడిలో ఉన్న వేళ అక్కడ భూమి కంపించి, పాతిక వేలమందికి పైగా చనిపోయారు. దాదాపు ఏడాదిన్నర తర్వాత గ్యుమ్రీ పట్టణంలోని కొన్ని బడుల్లో చికిత్స చేశారు. మూడేళ్లు నిండేసరికి ఆ పిల్లల బాధ తగ్గింది. చికిత్స అందని పిల్లల్లో పెరిగింది. కాలం అన్నిటినీ మాన్పుతుందన్న మాట ఈ పిల్లల విషయంలో నిలబడలేదు.

టీచర్లకు ఇప్పటికే సవాలక్ష పనులున్నాయి, ఇదొకటా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. టీచరు వైద్యుడు కావాలని మేము అనడం లేదు. ఉలిక్కిపడే పిల్లాణ్ని, ఉన్నట్టుండి మాట తగ్గించిన పిల్లను గుర్తుపట్టి చెబితే చాలు. చికిత్స చేసేది శిక్షణ పొందిన కౌన్సెలరే. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మనకు ఉండనే ఉంది. దాని నిపుణులు వారంలో ఫలానా రోజున ఫలానా బడికి వస్తారని ముందే తెలియాలి. పిచ్చి అన్న ముద్ర పడి రేపు ఆడపిల్ల పెళ్లికి అడ్డొస్తుందన్న భయాన్ని మేము కొట్టిపారేయం. కనీసం, అందరు పిల్లలూ వెళ్లే బడి గుమ్మంలోకి తమ పిల్లా వెళ్తే ఎవరూ వేలెత్తి చూపరు. చికిత్సకు ముందు తల్లిదండ్రుల అంగీకారం తప్పనిసరి.

దివిసీమ ఉప్పెన నుంచి ఇప్పటిదాకా మన కోస్తాలో పునరావాసమంటే ఇళ్లు, కరకట్టలు, నష్టపరిహారం. ఆ అంచనాల్లోనే కౌన్సెలర్లకు మూడేళ్ల జీతం కూడా చేరాలి. ఆడిట్ జరిగినప్పుడు ఎన్ని శిబిరాలు పెట్టారో మేము అడగం. ఎంతమంది పిల్లలు చికిత్స పూర్తిచేశారో, మధ్యలో మానేసినవాళ్లు ఎందుకు మానేశారో బడివారీగా లెక్క అడుగుతాం.