మీ స్కూల్ మ్యాప్ గీయగలరా?

మొన్న ఆదివారం మా అక్క కూతురికి పేపరూ పెన్సిలూ ఇచ్చి ‘మీ స్కూల్ మ్యాప్ గీసి చూపించవే’ అన్నాను. మూడో క్లాసు. ఇంట్లో చాక్లెట్లు ఎక్కడ దాచినా పట్టేసే రకం. పావుగంట తర్వాత చూస్తే ఒక గేటు, మెట్లు, ఒక బెంచీ. అంతే! మిగతా స్కూలేదీ అంటే, “ఏమో మామయ్యా, లైన్లో వెళ్తాం, లైన్లో వస్తాం” అంది.

దాని తప్పేం లేదు. హైదరాబాద్‌లో ఐదంతస్తుల బిల్డింగ్ అది. మధ్యలో కారిడార్, రెండు పక్కలా ఒకే సైజు గదులు. ఒక ఫ్లోర్ కట్టి మిగతావి కాపీ పేస్ట్ చేసినట్టుంటుంది. నేను చదివిందీ అలాంటి దాంట్లోనే. ఇప్పటికీ కొత్త ఏరియాలో రెండు సందులు తిరిగితే నాకు ఫోన్ తీయక తప్పదు. దానికి స్కూలే కారణమని ఒట్టేసి చెప్పలేను. డౌటు మాత్రం ఉంది.

1963లో రిచర్డ్ హెల్డ్, అలన్ హెయిన్ అనే అమెరికా శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. చీకట్లో పెరిగిన పిల్లికూనల్ని జంటలుగా తీసుకుని, గుండ్రంగా తిరిగే ఒక పరికరానికి కట్టారు. ఒక కూన తన కాళ్లతో నడుస్తుంది. రెండోది బుట్టలో కూర్చుని దాంతో పాటే తిరుగుతుంది. రెండింటికీ కనిపించేది ఒకటే. కానీ తర్వాత పరీక్షిస్తే, నడిచిన కూన లోతును గుర్తుపట్టి జాగ్రత్తపడింది. బుట్టలోది పట్టలేకపోయింది. అంటే చుట్టూ ఉన్న చోటు అర్థం కావాలంటే కళ్లొక్కటే చాలవు, కాళ్లూ కావాలి.

పిల్లలు పిల్లికూనలు కాదు, నిజమే. కానీ లైన్లో వెళ్లి లైన్లో వచ్చే పిల్ల ఏ కూనలా పెరుగుతోంది?

జపాన్‌లో ఈ సంగతి ఆలోచించి కట్టిన స్కూలొకటి ఉంది. టోక్యో పరిధిలోని తచికావాలో, 2007 నాటి ఫుజి కిండర్‌గార్టెన్. తెజుకా దంపతుల డిజైన్. కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. పైకప్పే ఆటస్థలం. దాన్ని చీల్చుకుని పెద్ద చెట్లు పైకొస్తాయి. పిల్లలు ఎంత పరుగెత్తినా దారి అయిపోదు.

‘అది జపాన్ బాసూ, మన దగ్గర డబ్బులేవీ?’ అంటారేమో. మన దేశంలోనే ‘బాలా’ అనే పద్ధతి ఉంది. బిల్డింగే పాఠం చెప్పాలన్నది దాని ఐడియా. తలుపు తెరుచుకునే చోట నేల మీద కోణాలు గీస్తారు. తలుపు తోస్తుంటే 30, 60, 90 డిగ్రీలు కాళ్ల దగ్గరే కనిపిస్తాయి. ఖర్చు కాస్త పెయింటు. నాకైతే కోణమంటే కంపాస్ బాక్స్‌లోదే. రోజూ తీసే తలుపులోనూ ఉందని ఎవరూ చెప్పలేదు.

ఇదంతా అక్కకి చెప్పాను. “ఫీజు కట్టేశాంరా, ఇప్పుడా చెప్పేది?” అంది. అదీ నిజమే.

అయితే ఆ ప్రయోగంలో ఇంకో ముక్క ఉంది. బుట్టలో తిరిగిన కూనల్ని వెలుతుర్లో రెండు రోజులు స్వేచ్ఛగా వదిలితే అవీ మామూలైపోయాయి. అందుకే రోజూ సాయంత్రం పాల ప్యాకెట్‌కి కోడలే ముందు నడుస్తోంది, నేను వెనక. ఫోన్ జేబులోనే. మొదటి రోజు దారి తప్పించింది. నాలుగో రోజు గుడి వెనక నుంచి షార్ట్‌కట్ కనిపెట్టింది. నిన్న మా వీధి మ్యాప్ గీసింది. అందులో కుక్క పడుకునే చోటు కూడా ఉంది.