శ్రమదినములలో కీర్తన

భస్మ బుధవారము మొదలు ఈస్టరు ముందటి శనివారము వరకు, ఆదివారములు విడిచి లెక్కింపగా 40 దినములు. ఈ దినములలో మాంసము మానువారు కలరు. పూలు ముడువనివారు కలరు. ఒంటిపూట భుజించువారు కలరు. మంచిదే. కాని సోదరీమణులారా, దేనిని విడువవలెనో యింతగా నాలోచించు మనము ప్రార్థన నెట్లు పెంపొందించుకొనవలెనో యంతగా నాలోచింపము. దీనికి తగిన సాధనము మన గూటిలోనే యున్నది. అది కీర్తనల పుస్తకము.

బైబిలులో దావీదు కీర్తనలలో 22వ దానిని తెరచి చూడుడు. ఏ రాగముమీద పాడదగినదో దాని శీర్షికలోనే వ్రాయబడియున్నది. సిలువపై ప్రభువు పలికిన యేడు మాటలలో నొకటి ఆ కీర్తన యొక్క మొదటి మాటయే. అంతటి వేదనలో ఆయన నోట వెలువడినది తన జనులు తరతరములుగా పాడుకొనుచు వచ్చిన పాట! ముందటి రాత్రి భోజనానంతరము శిష్యులతో కీర్తన పాడియే ఒలీవల కొండకు వెడలెనని మత్తయియు మార్కును వ్రాసిరి.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలకును శిరస్సున రాగతాళములు నిర్దేశింపబడియున్నవి. వానిలో పెక్కింటిని రచించిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) 1833లో కటకమున బాప్తిస్మము పొంది, తెలుగున భక్తుల హృదయములకు నోరిచ్చిరి. పరదేశపు బాణీలలో తెలుగు మాటలు పొదిగిన పాటలును మనకు కలవు. వానియందు భక్తి లేదనను గాని, గురువు లఘువై, లఘువు గురువై మాట కుంటుచుండగా మనస్సు అర్థముమీద నిలుచుట కష్టము. ఛందస్సు చదివిన చెవికి ఈ బాధ తప్పదు కాబోలు!

కీర్తనయందు పల్లవి చేయు పనిని గమనింపుడు. చరణము ముందునకు నడచును: తోటలోని వేదన, న్యాయసభ, కొరడాలు, సిలువ. ప్రతి చరణాంతమున పల్లవి మరల వచ్చును. మాటలవే, కాని గెత్సేమనే తరువాత పాడిన పల్లవియు, సిలువ తరువాత పాడిన పల్లవియు ఒకటి కావు. మొదట స్తుతియైన మాటయే పిదప పశ్చాత్తాపమగును. తొందరగా పాడినచో ఈ భేదము చేజారును. చరణమునకును పల్లవికిని నడుమ రెండు నిట్టూర్పులంత సేపు ఊరకుండి చూడుడు.

కోనరావుపేటలో మా కూటమునకు వచ్చు వృద్ధురాలొకతె అక్షరము లెరుగదు. తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి బిడ్డలను పెంచినది. పెనిమిటి పోయిన యేడు, ప్రార్థన చేసికొమ్మని యందరును హితవు చెప్పిరి. "మాటలు అస్తలేవమ్మా, పాటొక్కటే అస్తున్నది" అని ఆమె నాతో అన్నది. ఆ శ్రమదినములన్నియు చేట ముందర పెట్టుకొని ఒక్క కీర్తననే సన్నగా పాడుకొనెను. దానిని ప్రార్థన కాదనుటకు నాకు నోరాడలేదు.

పాట మనస్సును కట్టివేయునను భయము పెద్దలకును కలదు. పాడబడిన దానికంటె పాడిన కంఠమే తన్ను కదలించినప్పుడు పాపము చేసినట్లు తోచునని అగస్టీను భక్తుడు 4వ శతాబ్దాంతమున వ్రాసికొనెను. మిలాను దేవాలయమున కీర్తనలు విని కన్నీరు కార్చినవాడును ఆయనయే! ఈ దినములలో అల్లెలూయ మాని, వాద్యములను సామాన్యముగా గానమునకు ఊతగా మాత్రమే వాడు కతోలికుల నియమము ఈ భయమునకు మంచి మందు. మన కూటములలో కీబోర్డు హోరు, మైకు కేక పెరిగి, సిరిసిల్ల సాంచాల రొదతో పోటీపడుచున్నవి. చరణములలోని మాట యెవరికి వినబడును? సెల్లుఫోనులో పాట పెట్టి వంటపని చేసికొనుట వినుటయే గాని పాడుట కాదు. మన నోరు కదలవలెను.

వారమునకొక కీర్తన యెన్నుకొనుడు. సోమవారము పాడక చదువుడు. తెలియని మాట యున్నచో ఇంటిలోని పెద్దలనో పాదిరిగారినో అడుగుడు. మంగళవారము మొదలు దీపము పెట్టిన వెనుక బిడ్డలతో కూర్చుండి, హార్మోనియము లేకయే, మందగతిని పాడుడు. చిన్నవారికి పల్లవి విడువుడు, చరణములు మీరు పాడుడు. రాగము సరిగా రానివారు సిగ్గుపడనక్కరలేదు, తాళము తప్పకున్న చాలును. శుభ శుక్రవారమున మధ్యాహ్నము 12 గంటలు మొదలు 3 గంటల వరకు ఏడు మాటల ఆరాధన జరుగునప్పుడు, ఈ కీర్తనలు పుస్తకము చూడకయే మీ నోట వచ్చును.