చౌక పార్టు ఎక్కడ వేయొచ్చు, ఎక్కడ వేయకూడదు



మనవాళ్లు కొందరు శని, ఆదివారాలు గార్డెన్ క్లియరింగ్‌కి, చెట్లు కొట్టే పనికి వెళ్తున్నారు. పని ఇచ్చేవాడు "రంపం నువ్వే తెచ్చుకో" అంటాడు. స్టిల్ కంపెనీ చైన్ సా రేటు చూస్తే గుండె గుభేలుమంటుంది. ఆన్‌లైన్‌లో అచ్చం అదే రంగు, అదే ఆకారంలో చాలా తక్కువకి ఇంకోటి కనపడుతుంది. మన చెయ్యి దాని మీదికే పోతుంది.

కంపెనీది కాని పార్టంతా చెత్త అని నేను అనను. ఒరెగాన్ వాళ్ల చైన్లు, బార్లు చాలా బ్రాండ్ల రంపాలకి పడతాయి, మంచి సరుకు. చైనా ఫార్మర్‌టెక్ వాళ్లు పాత స్టిల్ మోడళ్లకి సరిపోయే పార్టులు సొంత పేరుతోనే అమ్ముతున్నారు. అది కాపీ, కానీ మోసం కాదు. వేరేవాడు చేసి పైన స్టిల్ అని అచ్చేసి అమ్మితే అది మోసం. పేరే దొంగిలించినవాడు ఇనుము మాత్రం మంచిది వేస్తాడా?

నేను చెప్పే లెక్క ఒక్కటే. పార్టు పోతే మిషన్ ఆగిపోయేదైతే చౌకది వేసుకోండి. పార్టు పోతే మనిషికి తగిలేదైతే వద్దు.

ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గు, స్టార్టర్ తాడు కాపీవి వేసినా పోయేదేం లేదు. పిస్టన్, సిలిండర్ కాపీవి తొందరగా అరిగితే డబ్బు దండగ, అంతే. కానీ చైన్, బార్, చైన్ బ్రేక్, ముందు గార్డు, తెగిన చైన్‌ని ఆపే క్యాచర్, ట్రిగ్గర్ లాక్, వీటిలో పేరు తెలియని సరుకు పెట్టొద్దు. బార్ కొన పైభాగం కొమ్మకి తగిలితే రంపం ఎగిరి మొహం మీదికి వస్తుంది. అప్పుడు మనల్ని కాపాడేది ఆ బ్రేక్ పట్టీ ఒక్కటే. హ్యాండిల్ రబ్బర్లు కూడా చిన్న విషయం కాదు. అవి నాసిరకమైతే అదురంతా చేతుల్లోకి వస్తుంది, వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడతాయి. ముదిరితే ఆ జబ్బు తగ్గదు.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. 2010లో ఇక్కడే యూకేలో, తుప్పలు కోసే బ్రష్ కట్టర్‌కి బయట దొరికే గొలుసు తల బిగించి వాడుతుంటే లింకు ఊడి ఎగిరి ఒక మనిషి ప్రాణం పోయింది. ఆ తర్వాత 2012లో యూరప్ మొత్తం అలాంటి గొలుసు తలల అమ్మకం ఆపేశారు. మిషన్‌కి పట్టింది కదా అని పార్టు పనికొచ్చినట్టు కాదు.

ఇంకో సంగతి. మీరు ఉద్యోగి అయితే మిషన్ బాగోగులు యజమాని పని. 1998 నాటి పని పరికరాల రూల్స్ (ప్యూవర్ అంటారు) అదే చెబుతున్నాయి. ట్రైనింగ్ లేకుండా చైన్ సా చేతికి ఇవ్వకూడదని కూడా ఉంది. చైన్ సా ప్యాంటు, బూట్లు, హెల్మెట్‌కి మీ దగ్గర డబ్బు తీసుకోవడం 1974 చట్టం ప్రకారం కుదరదు. జీతంలో కోస్తే ఏకాస్‌కి 0300 123 1100 నంబర్‌లో ఫోన్ చేయండి. సెల్ఫ్ ఎంప్లాయిడ్ అని రాయించుకుంటే మాత్రం రంపం బాధ్యత మీ మీదే పడుతుంది. సంతకం పెట్టేముందు అడగండి.

రంపం ఎవరిదైనా పొద్దున్నే రెండు చూడండి. ట్రిగ్గర్ వదిలితే చైన్ నిలబడాలి. గార్డు ముందుకి నెడితే తిరిగే చైన్ వెంటనే ఆగాలి. ఈ రెండిట్లో ఏది కాకపోయినా ఆ రోజు ఆ రంపం ముట్టుకోవద్దు. ఒక రోజు కూలి పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు.