గట్టు మీద ఈత పాఠాలు

మీలో ఎంతమంది లీడర్‌షిప్ ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చారు? నేను మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ ఒకటే వరస. ఊరి చివర ఒక రిసార్టు, ఏసీ హాలు, మెడలో పేరు కార్డు. పొద్దున్నే ఒకాయన వచ్చి మనలో నిద్రపోతున్న నాయకుణ్ణి లేపుదాం అంటాడు. (మధ్యాహ్నం భోజనాలయ్యాక మమ్మల్ని లేపడమే ఆయనకి పెద్ద పనైపోతుంది, అది వేరే సంగతి.) సాయంత్రానికి స్ట్రాలతో ఒక టవరు కట్టి, చప్పట్లు కొట్టి, ఫీడ్‌బ్యాక్ ఫారంలో అయిదుకి అయిదూ వేసి ఇంటికొచ్చేస్తాం. సోమవారం ఆఫీసుకెళితే అదే క్లయింటు, అవే మెయిళ్ళు, అదే మనం.

ఆ ట్రైనర్లని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పమంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు పాపం.

నాలుగోసారి మాత్రం పద్ధతి మారింది. "ఈసారి పాఠాలు లేవు. మిమ్మల్ని నిజంగా ఇబ్బంది పెడుతున్న సమస్య ఒకటి పట్టుకురండి. దానికి జవాబు మీకూ తెలియకూడదు, మాకూ తెలియకూడదు" అన్నారు హెచ్ఆర్ వాళ్ళు. దీన్ని యాక్షన్ లెర్నింగ్ అంటారట. పేరు వినగానే ఇదీ ఏదో కొత్త ఫ్యాషన్ అనుకున్నాను. తీరా చూస్తే మా నాన్నగారికంటే పాతది.

దీన్ని మొదలుపెట్టినాయన రెజినాల్డ్ రెవాన్స్ (1907-2003) అనే ఇంగ్లీషాయన. కేంబ్రిడ్జి కావెండిష్ ప్రయోగశాలలో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున లాంగ్‌జంప్ కూడా చేశాడు. ఆ ప్రయోగశాలలో రూథర్‌ఫర్డ్ లాంటి ఉద్దండులు కూర్చుని, తాము సాధించినవాటి గురించి కాకుండా తమకి అర్థంకానివాటి గురించి మాట్లాడుకోవడం ఆయన మనసులో పడిపోయింది. తర్వాత 1940లలో బ్రిటన్ బొగ్గుగనుల పరిశ్రమలో శిక్షణ బాధ్యత చేతికొచ్చినప్పుడు, గని మేనేజర్లకి ప్రొఫెసర్ల చేత పాఠాలు చెప్పించడం దండగ అన్నాడు. వాళ్ళు ఒకరి గనికి ఒకరు వెళ్ళి, ఒకరి కష్టాలని ఒకరు ప్రశ్నించుకుంటూ నేర్చుకోవాలని ఆయన వాదన.

ఆయన సూత్రం చాలా చిన్నది: ఎల్ = పి + క్యూ. ఎల్ అంటే నేర్చుకోవడం. పి అంటే ఇప్పటికే పుస్తకాల్లో ఉన్న జ్ఞానం. క్యూ అంటే తెలియని చోట సరైన ప్రశ్న వెయ్యగలగడం. మన భాషలో చెప్పాలంటే, నల్ పాయింటర్ ఎక్సెప్షన్ ఎందుకొస్తోందన్నది చిక్కుముడి. జవాబు ఎక్కడో ఉంది, వెతుక్కుంటే దొరుకుతుంది. మా టీములో మంచివాళ్ళందరూ ఏడాది తిరక్కుండా ఎందుకు వెళ్ళిపోతున్నారన్నది సమస్య. దానికి జవాబు ఏ సైట్లోనూ ఉండదు. మొదటిదానికి పి చాలు, రెండోదానికి క్యూ కావాలి.

ఇక నా కథకి వస్తాను. మా ప్రాజెక్టులో ప్రతి నెలాఖరు రిలీజూ ఒక గండమే. అర్ధరాత్రి ఫోన్లు, రోల్‌బ్యాకులు, తర్వాత అరడజను మందితో కారణాలు వెతికే మీటింగు. డెవలపర్లది తప్పు లేదు, టెస్టర్లది తప్పు లేదు, సర్వర్లు చూసేవాళ్ళది తప్పు లేదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. ఆ సమస్యనే పట్టుకెళ్ళాను.

మా గుంపులో అయిదుగురం. నేను కాక ఒక టెస్టింగ్ లీడు, నెట్‌వర్క్ అతను, హెచ్ఆర్ ఆవిడ, ఫైనాన్స్ నుంచి ఒక పెద్దాయన. నిబంధన ఒక్కటే: సలహా ఇవ్వకూడదు, ప్రశ్నలే వెయ్యాలి. మొదటి అరగంట నరకం. నెట్‌వర్క్ అతనైతే "మీరు ఆటోమేషన్ పెట్టుకోవచ్చు కదా?" అంటూ సలహాకే ప్రశ్నార్థకం తగిలించేవాడు. చివరికి ఫైనాన్స్ పెద్దాయన, కోడ్ అంటే ఏమిటో తెలియని మనిషి, నింపాదిగా అడిగారు.

"ఆఖరి రోజున వచ్చే మార్పులకి సరే అనేది ఎవరండీ?"

"నేనే."

"ఎందుకు సరే అంటారు?"

"క్లయింటు అడుగుతాడు కాబట్టి."

"కాదంటే ఏమవుతుందో ఎప్పుడైనా చూశారా?"

చూడలేదు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.

మాటలతో వదిలేస్తే అది యాక్షన్ లెర్నింగ్ కాదు, వచ్చేసారికి ఏదో ఒకటి చేసి చూపించాలి. ఆ నెల, బుధవారం తర్వాత కొత్త మార్పులు తీసుకోమని క్లయింటుకి చెప్పాను. చెప్పేముందు రాత్రి నిద్రపట్టలేదు. అతను తీరిగ్గా "సరే, వచ్చే నెలలో పెట్టండి" అన్నాడు. అంతే! అన్నీ అంత సుఖంగా జరగలేదు లెండి. ఆ పై నెల ఒక పన్ను రేటు మార్పు నిజంగానే ఆగేది కాదు. దానికోసం ఇంకొకరు చూసి సంతకం పెడితేనే లోపలికి, అని ఒక దారి పెట్టుకున్నాం. గండాలు పూర్తిగా పోలేదు గానీ బాగా తగ్గాయి.

కానీ నన్ను కుదిపేసింది ఇది కాదు. గుంపులో హెచ్ఆర్ ఆవిడ ఇంకో ప్రశ్న వేసింది: "ఈ సంగతి మీ టీములో ముందే ఎవరికైనా తెలుసా?" వెళ్ళి అడిగాను. రెండేళ్ళ అనుభవం ఉన్న అమ్మాయి ఒకతె నెమ్మదిగా చెప్పింది, "తెలుసు సర్. మీరెప్పుడూ అడగలేదు కదా." ఏ రిసార్టులోనూ ఎవరూ నాకింత మంచి లీడర్‌షిప్ పాఠం చెప్పలేదు. ఆ రోజు నుంచి మీటింగులో ముందు మాట్లాడటం మానేశాను. మానేశానంటే, మానెయ్యడానికి ప్రయత్నిస్తున్నాను.

ఇక్కడితో ఆపేస్తే ఇదీ ట్రైనింగ్ బ్రోచరులా ఉంటుంది. రెండో బ్యాచ్ సంగతి కూడా చెప్పాలి.

ఆ గుంపు జనం ఎందుకు వెళ్ళిపోతున్నారన్న ప్రశ్నే తీసుకుంది. మూడు నెలలు కష్టపడ్డారు. వెళ్ళిపోయినవాళ్ళతో మాట్లాడారు. అందరి వేళ్ళూ అప్రైజల్ పద్ధతి వైపే చూపించాయి. టీములో అందరూ బాగా చేసినా, ఎవరో ఒకరిని కింద పడెయ్యాల్సిందేనన్న ఆ బెల్ కర్వ్ వైపు. పెద్దాయన స్లైడ్లన్నీ ఓపిగ్గా చూసి, "చాలా బాగా చేశారు" అని మెచ్చుకుని, తలా ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. బెల్ కర్వ్ అలాగే ఉంది. ఆ అయిదుగురిలో ఇద్దరు ఏడాదిలోపే వెళ్ళిపోయారు. మూడో బ్యాచ్ వాళ్ళు తెలివిగా, ఎవరికీ ఇబ్బంది లేని సమస్యలు పట్టుకొచ్చారు. ఆ తర్వాత మళ్ళీ రిసార్టే.

రెవాన్స్‌కి ఈ ప్రమాదం ముందే తెలుసు. ఏ సమస్య ఎత్తుకున్నా మూడు ప్రశ్నలు వేసుకోమన్నాడు: దీని గురించి ఎవరికి తెలుసు? ఎవరికి పట్టింది? ఎవరు ఏమైనా చెయ్యగలరు? నా రిలీజు సమస్యలో ఆ మూడోవాణ్ణి నేనే, కాబట్టి పని జరిగింది. రెండో బ్యాచ్‌లో తెలిసినవాళ్ళున్నారు, పట్టినవాళ్ళున్నారు. చెయ్యగలిగినాయన మాత్రం చివరి రోజున ప్రేక్షకుడిగా వచ్చారు.

అంచేత నా అభిప్రాయం ఇదీ. యాక్షన్ లెర్నింగ్ అంటే కింది ఉద్యోగుల చేత ఉచితంగా కన్సల్టింగ్ చేయించుకోవడం కాదు. వాళ్ళు తెచ్చిన జవాబు తనకి నచ్చకపోయినా కొంతకాలం అమలుచేసి చూస్తానని పైవాడు ముందే మాట ఇవ్వాలి. ఆ మాట ఇవ్వలేకపోతే అసలు మొదలుపెట్టకపోవడమే మంచిది. ఎందుకంటే అడగని కంపెనీని జనం క్షమిస్తారు. అడిగి, విని, పక్కన పెట్టేసిన కంపెనీలో ఇంకోసారి నోరు విప్పరు.

ఇదంతా ప్రతిదానికీ పనికొస్తుందని కూడా అనను. డేటాబేస్ ట్యూనింగ్ రానివాళ్ళు అయిదుగురు కూర్చుని ఒకరినొకరు ప్రశ్నించుకుంటే డేటాబేసు వేగంగా పరిగెత్తదు. అక్కడ కావలసింది వచ్చినవాడు, లేదా పుస్తకం. ఇప్పుడైతే పి మరీ చవకైపోయింది. ఏఐని అడిగితే క్షణంలో పేజీలకి పేజీలు రాసి ఇస్తుంది. కానీ "కాదంటే ఏమవుతుందో ఎప్పుడైనా చూశారా?" అని నన్ను అడగడానికి, పై నెల మళ్ళీ ఎదురుగా కూర్చుని "చూశారా మరి?" అని నిలదీయడానికి ఆ ఫైనాన్స్ పెద్దాయనే కావలసి వచ్చారు.

ఆయన ఈ మధ్యే రిటైరయ్యారు. వీడ్కోలు రోజున థాంక్స్ చెబితే, "నేనేం చేశానండీ, నాకు తెలియక అడిగాను" అన్నారు.