నమ్మకం వాళ్లకు, విశ్వాసం మనకా?

పదవీ విరమణ చేసిన ఆచార్యుల సన్మాన సభల్లో ఒక మాట తప్పక వినిపిస్తుంది: "మా రోజుల్లో యూనివర్సిటీ నమ్మకం మీద నడిచేది." హాజరుకు వేలిముద్ర లేదు, థీసిస్‌కు సాఫ్ట్‌వేర్ తనిఖీ లేదు, ప్రొఫెసర్ నోటిమాటే సర్టిఫికెట్. నిజమే కావచ్చు. కానీ ఎవరు ఎవరిని నమ్మారు?

తెలుగులో దీనికి మూడు మాటలున్నాయి: నమ్మకం, విశ్వాసం, భరోసా. పాత యూనివర్సిటీ మూడింటినీ కలిపేసి ఒకే పేరు పెట్టింది.

నమ్మకం సాటివాళ్ల మధ్య నడిచేది. సాటివాళ్లెవరో కులం నిర్ణయించేది. కొలంబియాలో చదివి వచ్చిన అంబేడ్కర్ 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరితే, స్టాఫ్ గదిలోని కుండ నీళ్లు ఆయన తాగడానికి తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం చెప్పారు. ఆయన చదువును నమ్మినవాళ్లకు కూడా ఆయన చేయి తగిలిన కుండ పనికిరాలేదు.

విశ్వాసం కింది నుంచి పైకి పోయేది. దొర తన పాలేరును మెచ్చుకుంటూ వాడే మాట అది. గైడ్ ముందు పరిశోధక విద్యార్థి చూపించాల్సిందీ అదే. మరి గైడే లేకపోతే? హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం పరిశోధకుడు సెంథిల్ కుమార్‌ను 2008లో పోగొట్టుకున్నాం. అప్పటికీ అతనికి గైడ్‌ను కేటాయించలేదు. అతను ఎవరికి విశ్వాసంగా ఉండాలి?

మనకు కావలసింది మూడోది, భరోసా. అది మనిషి మంచితనం మీద కాదు, రాసిపెట్టిన నిబంధన మీద నిలుస్తుంది. జేఎన్‌యూ ప్రవేశ మార్కులను పరిశీలించిన అబ్దుల్ నఫే కమిటీ రాతపరీక్షతో పోలిస్తే వైవాలో దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థులకు తక్కువ మార్కులు పడుతున్నాయని తేల్చి, వైవాను 30 మార్కుల నుంచి 15కు తగ్గించమంది. 2016లో యూజీసీ నిబంధన సరిగ్గా దానికి ఎదురు నడిచి, పీహెచ్‌డీ రాతపరీక్షను అర్హతకే పరిమితం చేసింది. 2018లో మళ్లీ రాతపరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 అని సవరించాల్సి వచ్చింది. ఇంటర్వ్యూ గదిలో ఇంటిపేరు తెలుస్తుంది. హాల్‌టికెట్ నంబరుకు ఇంటిపేరు ఉండదు.

మా అండమాన్‌లో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనబడుతుంది. పోర్ట్ బ్లెయిర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ రాజకీయ మహావిద్యాలయం 1967లో మొదలైంది. మొదట పంజాబ్ యూనివర్సిటీకి, తర్వాత పాండిచ్చేరి యూనివర్సిటీకి అనుబంధంగా నడిచింది. డిగ్రీ ఇచ్చేది సముద్రం అవతల, మన ముఖం చూడని యూనివర్సిటీ. దూరం వల్ల కష్టాలు చాలా. అయినా అక్కడ మనల్ని నిలబెట్టింది ఎవరి సిఫారసూ కాదు, మన నంబరు.

అదే రిజర్వేషన్ దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల్లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి కూలికి, వేటకు వచ్చిన కుటుంబాలు ఎన్నో. వాళ్లలో దళితులూ ఉన్నారు. కానీ ద్వీపాలకు షెడ్యూల్డ్ కులాల జాబితాయే లేదు కాబట్టి జనగణనలో ఇక్కడ ఎస్సీలు సున్నా. ఒక రాష్ట్రంలోని షెడ్యూల్డ్ హోదా మరో రాష్ట్రానికి వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖర్ రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రలో ఎస్టీ అయిన ఆ విద్యార్థి బొంబాయి మెడికల్ కాలేజీలో ఎస్టీ కాలేకపోయాడు. కులం మాత్రం ఓడెక్కి వస్తుంది, హక్కు రేవులోనే ఆగిపోతుంది.

కేంద్ర సంస్థలో సీటు కోసం తండ్రికి సొంత రాష్ట్రంలో ఇచ్చిన కులపత్రం వెతుక్కోవాలి. ఏ కాగితమూ లేకుండా ఓడెక్కిన కూలీ ఏం చూపిస్తాడు? ప్రొఫెసర్ నోటిమాట సర్టిఫికెట్ అయిన దేశంలో అతని నోటిమాట ఎందుకు చెల్లదు?

కాబట్టి పాత నమ్మకాన్ని తిరిగి తెమ్మని మనం అడగం. జవాబుపత్రాలు నంబర్లతోనే దిద్దాలి. వైవా మార్కులు తగ్గించి, వేసిన మార్కులకు కారణాలు రాయాలి. చేరిన తర్వాత ఫలానా తేదీలోగా గైడ్‌ను రాతపూర్వకంగా కేటాయించాలి. 341వ అధికరణం కింద జాబితాను మార్చే అధికారం పార్లమెంటుది. ద్వీపాల్లో తరాలుగా బతుకుతున్న దళితుల సంగతి అది తేల్చాలి. ఇవన్నీ కాగితం మీదికి వచ్చాక నమ్మకం గురించి మాట్లాడుకుందాం.